చలికి మొరాయించే పాత డీజిల్ జీపును స్టార్ట్ చేయడం ఎలా?

ధనుర్మాసంలో తెల్లవారుజామున బెజవాడలో చలి ఎంతని? మహా అయితే 15 నుంచి 18 డిగ్రీలు. డీజిల్‌లో మైనం గడ్డకట్టి ఫిల్టర్ మూసుకుపోయేంత చలి మన ఊళ్లో పడదు. మధ్యాహ్నం ఒక్క సెల్ఫుకే అందుకునే జీపు పొద్దున్నే సతాయిస్తోందంటే, ఇంజిన్‌లో ఎక్కడో లోపం ముందే ఉంది. చలికి అది బయటపడింది, అంతే.

నా మహీంద్రా ఎంఎం 540 జీపు ఇలాగే ఇబ్బంది పెడితే, ఒక షాపువాళ్ల మాట విని డీజిల్ పంపు (ఇంజెక్షన్ పంపు) విప్పించి చాలా ఖర్చుపెట్టాను. ఏమీ మారలేదు. తర్వాత ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రి బానెట్ కూడా ఎత్తకుండా అడిగిన మొదటి మాట: "సెల్ఫ్ కొట్టేటప్పుడు సైలెన్సర్‌లోంచి పొగ వస్తోందా బాబూ?" మీరూ అక్కణ్నుంచే మొదలుపెట్టండి.

ముందు చూడండి, వినండి

రాత్రంతా ఆగి ఉన్న బండికి ఒకరు సెల్ఫ్ కొట్టాలి, ఇంకొకరు వెనక నిలబడి పొగ చూడాలి. పది సెకన్లకు మించి కొట్టకండి, మధ్యలో ఒక నిమిషం ఆగండి, లేకపోతే సెల్ఫ్ మోటారు కాలుతుంది. ఇంజిన్ బరువుగా, నీరసంగా తిరిగితే తప్పు కరెంటుది. చురుగ్గా తిరుగుతూ తెల్లపొగ వస్తుంటే డీజిల్ చేరుతోంది గానీ మండడం లేదు. చురుగ్గా తిరిగినా పొగే లేకపోతే డీజిల్ చేరడమే లేదు.

నీరసంగా తిరిగితే

నిండుగా చార్జయిన బ్యాటరీ రాత్రి ఆగాక 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడితే చార్జింగ్ పెట్టి మళ్లీ చూడండి, అప్పటికీ పడితే బ్యాటరీ మార్చాల్సిందే. బ్యాటరీ బాగున్నా బరువుగా తిరిగితే ఎర్త్ వైరు చూడండి. మల్టీమీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజిన్ బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ కనెక్షన్లు విప్పి, మెరిసేదాకా రుద్ది బిగించండి.

తెల్లపొగ వస్తే

ఎంఎం 540లోని ప్యూజో ఇంజిన్‌లో డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు, పక్కనున్న చిన్న గదిలో మండుతుంది. చల్లటి గోడలు ఆ గదిలోని వేడిని లాగేసుకుంటాయి కాబట్టి దాన్ని ముందే వేడిచేసే హీటర్ ప్లగ్గులు కావాలి. డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడే డీఐ ఇంజిన్ జీపుల్లో మామూలుగా ఇవి ఉండవు.

ప్లగ్గుల మీద నాలుగింటినీ కలిపే పట్టీ ఉంటుంది. హీటర్ ఆన్ చేసినప్పుడు ఆ పట్టీకి కరెంటు వస్తోందా అని టెస్ట్ ల్యాంపుతో చూడండి. రాకపోతే రిలే, ఫ్యూజు, స్విచ్ వెతకండి. వస్తుంటే పట్టీ విప్పి, ఒక్కో ప్లగ్గు కొన నుంచి బ్లాకుకి ఓమ్‌లు కొలవండి. మంచి ప్లగ్గు ఒక ఓమ్‌కి అటూ ఇటూగా చూపిస్తుంది. తెగిపోయింది ఏమీ చూపించదు. నాలుగింట్లో రెండు పోయినా మధ్యాహ్నం బండి మామూలుగానే లేస్తుంది, అందుకే నెలల తరబడి తెలియదు.

ప్లగ్గు విప్పేటప్పుడు తొందర వద్దు. ముందు రోజు తుప్పు వదిలించే నూనె చల్లి, ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు మెల్లగా తిప్పండి. హెడ్‌లో విరిగితే హెడ్డే విప్పాల్సి రావచ్చు.

ప్లగ్గులన్నీ బాగున్నా తెల్లపొగ ఆగకపోతే డీజిల్ చిమ్మే నాజిల్స్ టెస్టింగుకి ఇచ్చి, స్ప్రే మీ కళ్లముందే చూపించమనండి. ఆ తర్వాత టాపెట్లు (వాల్వుల సందు), కంప్రెషన్ (సిలిండర్లలో గాలి ఒత్తిడి) చూపించండి. పంపు జోలికి చివర్లోనే వెళ్లండి.

పొగే లేకపోతే

ముందు ఇంజిన్ ఆపడానికి లాగే స్టాప్ కేబుల్ పూర్తిగా వెనక్కి వెళ్లిందో లేదో చూడండి. వెళ్తే, అనుమానం గాలి మీదే. నా బండి రోగం ఇదే: ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపు బీటలిచ్చింది. ఆ సందుల్లో గాలి దూరి, రాత్రంతా డీజిల్ ట్యాంకులోకి జారిపోయేది. డీజిల్ కారదు కాబట్టి మరకా కనిపించదు.

పరీక్ష తేలిక. పొద్దున సెల్ఫ్ కొట్టకముందే, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు చేతి మీట గట్టిపడేదాకా నొక్కండి. అప్పుడు వెంటనే లేస్తే గాలి దూరుతున్నట్టే. ఫిల్టర్‌కి ముందు ఒక జానెడు పారదర్శక పైపు వేస్తే బుడగలు కళ్లకు కనిపిస్తాయి. పాత రబ్బరు పైపులు, రాగి వాషర్లు, ఫిల్టర్ రబ్బరు రింగు మార్చండి. తర్వాత ఫిల్టర్ మీది గాలి స్క్రూ వదులు చేసి, బుడగల్లేని డీజిల్ వచ్చేదాకా మీట నొక్కి, నొక్కుతూనే బిగించండి. పంపు దగ్గరా ఇలాగే. నాజిల్ పైపులు వదులు చేయాల్సొస్తే చెయ్యి దూరంగా ఉంచండి, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దిగిపోతుంది.

ఎవరైనా ఇట్టే అంటుకునే ఈథర్ స్ప్రే కొట్టమంటే ఒప్పుకోవద్దు. ఎర్రగా కాలిన హీటర్ ప్లగ్గుల మీద అది పేలి పిస్టన్లు పగలొచ్చు.

ఈ బండితో లంబసింగి వెళ్లేవాళ్లు మాత్రం ఇవన్నీ బయల్దేరేముందే చూసుకోండి. అక్కడ ఒక్కోసారి సున్నా దగ్గరికి పడిపోతుంది, బ్యాటరీ సత్తాలో మూడో వంతు దాకా పోతుంది. రాత్రి బండిని ముక్కు పల్లానికి ఉండేలా, చక్రాలకు రాళ్లు పెట్టి ఆపండి. పొద్దున హీటర్ రెండుసార్లు వేసి, అప్పుడు సెల్ఫ్ కొట్టండి.