పుట్టుకతో వచ్చే లోపాలు: కూలింటి గర్భిణికి ఎప్పుడు ఏం చేయించాలి

బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం గర్భం నిలిచిన 28వ రోజుకల్లా మూసుకుంటుంది. ఆఖరి బహిష్టు నుంచి లెక్కిస్తే అది ఆరో వారం, అంటే నెల తప్పి రెండు వారాలు. నాట్లకో, మిర్చి కోతకో పోయే మనిషి పని వదులుకుని మూడో నెలలో ఆసుపత్రికి వచ్చేసరికి ఆ నాళం సరిగా మూసుకోక వచ్చే వెన్ను చీలికను ఆపే అదును దాటిపోయి ఉంటుంది. పేదరికం బిడ్డను దెబ్బతీసే దారుల్లో ఈ ఆలస్యం ముఖ్యమైనది. దీన్ని తప్పించడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు.

పెళ్లయిన నాటి నుంచి, లేదా కాపర్-టి తీయించిన రోజు, గర్భనిరోధక మాత్రలు ఆపిన రోజు నుంచి, ఈ లోపం ముప్పు తగ్గించే విటమిన్ మాత్ర ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు రోజుకొకటి మొదలుపెట్టించండి. గర్భానికి 12 వారాలు నిండేదాకా ఆపకూడదు. ఐరన్ మాత్రలు ఇస్తారులే అని ఆగితే లాభం లేదు, అవి నాలుగో నెల నుంచి ఇచ్చేవి. మందుల షాపులో అడిగితే తరచూ 5 మిల్లీగ్రాముల మాత్ర చేతిలో పెడతారు. అంత మోతాదు అందరికీ అవసరం లేదు. మూర్ఛ మందులు వాడేవారు, మధుమేహం ఉన్నవారు మోతాదు డాక్టర్‌తోనే తేల్చుకోవాలి. వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందు వాడుతుంటే గర్భానికి ముందే డాక్టర్‌కు చెప్పాలి. సొంతంగా ఆపేస్తే ఫిట్స్ ముంచుకొస్తాయి.

నెల తప్పగానే ఆశా కార్యకర్తతో పేరు నమోదు చేయించి, తల్లీబిడ్డల కార్డు తీసుకోండి. ఆఖరి బహిష్టు తేదీకి 84 రోజులు కలిపితే 12 వారాలు. 126 నుంచి 140 రోజుల మధ్య 18–20 వారాలు. ఈ తేదీలు కార్డు మీద పెద్దగా రాసిపెట్టండి. మొదటి పరీక్ష 84 రోజుల్లోపే జరగాలి. బీపీ, రక్తం, షుగర్, సిఫిలిస్, హెచ్ఐవీ అన్నీ అప్పుడే.

బిడ్డ అవయవాల్లో లోపాలు చూసే టిఫా స్కాన్ చేయించాల్సింది ఆ 18–20 వారాల్లోనే. వాయిదా పడేది కూడా ఇదే, ఎందుకంటే పీహెచ్‌సీలో ఉండదు. స్కాన్ ఉచితమైనా ఆమె కూలి, తోడు వచ్చినవారి కూలి, దారిఖర్చు కలిస్తే బరువే. అందుకే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9న జరిగే పరీక్షకు వెళ్లినప్పుడే స్కాన్ తేదీ, రెఫరల్ చీటీ అడిగి తెచ్చుకోండి. తెలంగాణలో గర్భిణులను ఆసుపత్రికి తీసుకెళ్లే 102 అమ్మఒడి బండి ఉంది, ఆశాకు ముందురోజే చెప్పాలి. ఆలస్యమైతే చట్టం కూడా అడ్డుపడుతుంది: గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయం చాలు, తీవ్ర లోపం ఉన్నా 24 వారాలు దాటితే మెడికల్ బోర్డు అనుమతి కావాలి.

వలస వెళ్లేవారు కార్డు, స్కాన్ కాగితాలు వెంట తీసుకెళ్లాలి. ఇటుకబట్టీ దగ్గరైనా అక్కడి ఆశా, ఏఎన్ఎం పరీక్షలు చేయించాలి. స్థానికులు కారని తిప్పి పంపడానికి వీల్లేదు.

గ్రహణం నాడు గర్భిణిని కదలనివ్వని ఇళ్లే, మర్నాడు పురుగుమందు కలపమని చేనుకు పంపుతాయి. గ్రహణంతో మొర్రి రాదు. మందు కలపడం, కొట్టడం మాత్రం తప్పకుండా మాన్పించాలి. కల్లు, సారా కూడా. మేనమామనో, మేనబావనో చేసుకున్నామె ఆ సంగతి మొదటి పరీక్షలోనే చెప్పాలి; రక్తసంబంధం ఉంటే లోపాల ముప్పు మామూలు కంటే ఎక్కువ.

నాలుగో నెల నుంచి ఐరన్ మాత్ర భోజనం తర్వాత మంచినీళ్లతో వేసుకోవాలి. టీతో వేసుకుంటే ఒంటికి పట్టదు. కాల్షియం మాత్రకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి.

పుట్టిన బిడ్డకు పాదం వంకరగా ఉంటే మొదటి వారాల్లోనే పిండికట్లు మొదలుపెట్టించాలి, ఎముక లేతగా ఉన్నప్పుడే సర్దుకుంటుంది. మొర్రి ఉంటే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపమని అడగండి, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద చికిత్స ఉచితం. వెన్ను చీలికతో బిడ్డ పుట్టినామె మళ్లీ గర్భం కోసం చూస్తుంటే, కనీసం నెల ముందు నుంచే డాక్టర్ సలహాతో ఫోలిక్ యాసిడ్ 4 నుంచి 5 మిల్లీగ్రాములు వాడాలి.