పాత ఇల్లు బాగుచేయించాక వచ్చే సమస్యలు: మా చెన్నై ఇంట్లో దొరికిన కారణాలు, పరిష్కారాలు

వెస్ట్ మాంబళంలో తాతయ్య కట్టించిన ఇల్లు మాది. సున్నం గోడలు, దూలాల మీద ఇటుకలు పేర్చిన మద్రాస్ టెర్రస్ కప్పు, ముందు గదిలో ఎర్ర గచ్చు. నేను ఇంటీరియర్ డిజైనర్‌ని కాబట్టి బాగుచేయించే పని నా మీదే పడింది. పని అయిపోయి అమ్మావాళ్లు మళ్లీ చేరాక, రెండు వానాకాలాలు గడిచేసరికి సమస్యలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. వెతుక్కుంటూ పోతే చాలావాటికి కారణం పాత గోడో పాత కప్పో కాదు, వాటి మీద మేం కొత్తగా వేయించినవే. మీ ఇంట్లోనూ ఇలాంటివి కనిపిస్తే పెయింటరుకి ఫోన్ చేసేముందు ఇది చదవండి.

గోడ కింది భాగంలో పెయింట్ పొక్కులు, తెల్లటి పొడి

పొక్కులు నేల నుంచి రెండు మూడు అడుగుల లోపే ఉంటే నేల చెమ్మ అయ్యే అవకాశం ఎక్కువ. పైనుంచి కిందికి దిగుతుంటే కప్పునో పైపునో చూడాలి. అనుమానంగా ఉంటే అడుగు వెడల్పు ప్లాస్టిక్ కవరు ముక్కని నాలుగు అంచులా టేపుతో గోడకి అంటించి రెండు రోజులు వదిలేయండి. గోడ వైపు తడి చేరితే చెమ్మ గోడలోంచి వస్తోందని అర్థం, గది వైపు చేరితే గదిలో గాలి ఆడటం లేదని.

కారణం: సున్నం గోడ నేల తడిని కొంత పీల్చుకుంటుంది, మళ్లీ గాలికి వదిలేస్తుంది. మేం దాని మీద సిమెంట్ ప్లాస్టరింగ్ చేయించి, పుట్టీ పెట్టించి, ప్లాస్టిక్ ఎమల్షన్ పెయింట్ వేయించాం. బయటికి పోయే దారి లేక తడి పైకి ఎక్కింది, దాంతో వచ్చిన ఉప్పు పెయింట్ వెనకాల పేరుకుని పొరని ముందుకు తోసేసింది. ఇంకో కారణం వీధిలో ఉంది. పాత రోడ్డు చెక్కకుండా దాని మీదే కొత్తది పోస్తూ పోతే వీధి ఎత్తు పెరుగుతుంది. మా వీధి ఇప్పుడు మా గచ్చు కన్నా ఎత్తు. దానికి తగ్గట్టు మేం పక్క సందు కూడా ఎత్తు చేయించి గోడకి ఆనించి టైల్స్ వేయించాం, వాన నీళ్లన్నీ గోడ మొదట్లోనే నిలిచేవి.

పరిష్కారం: ముందు బయట. గోడ పొడవునా అడుగు వెడల్పున టైల్స్ తీయించి, మట్టి తవ్వించి, కంకర నింపించి, నీళ్లు కాలవలోకి పోయేలా వాలు ఇప్పించాం. ఆ తర్వాతే లోపల. చెమ్మ గీత కన్నా ఒక అడుగు పైదాకా సిమెంట్ ప్లాస్టర్ చెక్కి తీయించేసి, ఉప్పుని పొడి బ్రష్‌తో దులిపి (తడిపితే మళ్లీ గోడలోకే పోతుంది) ఆరనిచ్చాం. 9 అంగుళాల గోడ ఆరడానికి నెలలు పడుతుంది, అందుకే ఈ పని ఫిబ్రవరిలో మొదలుపెట్టండి, అక్టోబరులో అస్సలు వద్దు. నెల్లూరు వైపు నుంచి వచ్చిన పెద్ద మేస్త్రీ ఒకాయన కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలిపి సున్నపు గార పూశారు. పైన సున్నమే వేశాం. డ్యాంప్‌ప్రూఫ్ పెయింట్ వేస్తే పోతుందని చాలామంది చెప్తారు, నమ్మకండి, పొక్కులు ఇంకో అడుగు పైకి జరుగుతాయంతే.

కప్పు నుంచి మరక, లేదా చుక్క

మద్రాస్ టెర్రస్ అంటే టేకు దూలాల మీద చిన్న ఇటుకల్ని నిలువుగా, ఏటవాలుగా పేర్చి, పైన సున్నం, ఇటుక ముక్కలు కలిపి దిమ్మిస కొట్టిన కప్పు. మాకు లీకైంది ఇటుకల్లోంచి కాదు. మేడ మీద నీళ్లు పోయే గొట్టం ఆకులతో పూడిపోయి, నిలిచిన నీళ్లు మేడ మీద పరిచిన పెంకుల సందుల్లోంచి దిగాయి. గొట్టం శుభ్రం చేయించి సందులు సున్నంతో పూడిపిస్తే ఆగిపోయింది. లీకు కదా అని పైన ఇంకో రెండు అంగుళాల కాంక్రీటు మాత్రం పోయించకండి, ఆ బరువంతా దూలాలే మోయాలి. దూలం గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. మెత్తగా దిగిందంటే అది డిజైనర్ చూసే పని కాదు, స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి.

వంటింట్లో సింక్ కింద చెక్క ఉబ్బడం

షాపులో వాటర్‌ప్రూఫ్ అని ఇచ్చింది ఐఎస్ 303 (భారత ప్రమాణం) కింద వచ్చే ఎంఆర్, అంటే మాయిశ్చర్ రెసిస్టెంట్ గ్రేడ్ ప్లై. అది గాలిలో తేమకి తట్టుకుంటుంది, నీళ్లకి కాదు. సింక్ కింద ఐఎస్ 710 ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ (బాయిలింగ్ వాటర్ ప్రూఫ్) ప్లై వాడండి, ముద్రని మీ కళ్లతో చూసుకోండి. పైపు కోసం కోసిన అంచుల్ని సీల్ చేయించడం మర్చిపోతారు, ఉబ్బడం అక్కడే మొదలవుతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానప్పుడు ఇంట్లోకి నీళ్లొచ్చి నేలకి ఆనించిన అలమరాలన్నీ పోయాయి. ఇప్పుడు అన్నీ ఆరంగుళాల స్టీల్ కాళ్ల మీద ఉన్నాయి, ప్లగ్ పాయింట్లు నడుము ఎత్తుకి మార్చాం.

ఎర్ర గచ్చు, ఆత్తంగుడి టైల్స్ మసకబారడం

యాసిడ్‌తో కడిగారు, అంతే. రెండూ సిమెంటువే, ఆత్తంగుడివి (తమిళనాడు చెట్టినాడు వైపు చేత్తో చేసే రంగుల టైల్స్) కాల్చరు కూడా, యాసిడ్ పైపొరని తినేస్తుంది. మంచినీళ్లతో తుడిచి, ఆరాక గుడ్డతో రెండు చుక్కల కొబ్బరినూనె రుద్దుతూ ఉండండి. కొన్ని వారాలు పడుతుంది.

వంట చేసేవాళ్ల నీడ గట్టు మీదే పడటం

అమ్మ నోరు తెరిచి చెప్పలేదు, కూర తరిగేటప్పుడు పక్కకి జరుగుతుంటే నేనే గమనించాను. లైటు సీలింగ్ మధ్యలో, అంటే ఆవిడ వెనకాల ఉంది. పై అలమరా అడుగున ముందు అంచు దగ్గర ఎల్‌ఈడీ స్ట్రిప్ పెట్టించాను.

వానాకాలంలో తలుపు పట్టేయడం

నవంబరులో చిత్రిక పట్టించకండి. చెక్క తడికి ఉబ్బింది, ఫిబ్రవరికి దానంతటదే సర్దుకుంటుంది. అప్పటికీ పట్టేస్తే, అప్పుడు వడ్రంగిని పిలిచి తలుపు కింది అంచుకి కూడా పాలిష్ వేయించండి. ఎవరూ వేయరు గానీ తడి ఎక్కేది అక్కడి నుంచే.