థ్రిల్లరు సినిమాకు తొలి రెండు నిమిషాలు – మూడవ పాఠం: కాగితం మీది కథ కెమెరా ముందుకు

గత పాఠం చివర మీకు ఒక చిన్న పని అప్పగించాను. ఒక వ్యక్తి తలుపు తెరిచి, గది దాటి వచ్చి, మరొకరి ఎదుట కుర్చీలో కూర్చుని రెండు మాటలు మాట్లాడే దృశ్యాన్ని అతుకు కనబడకుండా తీయమన్నాను. ఇంగ్లండులో ఓసీఆర్ అనే పరీక్షా మండలి మీడియా విద్యార్థులను రెండు నిమిషాలకు మించని సినిమా ప్రారంభాన్ని టైటిళ్లతో సహా తీయమని అడిగే రోజుల్లో, దానికి ముందు సరిగ్గా ఇదే అభ్యాసాన్ని చేయించేది. చేసి చూసినవారికి దాని విలువ ఈపాటికి తెలిసే ఉంటుంది: బయటి షాట్‌లో గడియ మీద కుడిచేయి ఉండి, లోపలి షాట్‌లో ఎడమచేయి కనబడితే, ప్రేక్షకుడు తప్పును వేలు పెట్టి చూపలేకపోయినా అతని నమ్మకం ఆ క్షణంలోనే సడలుతుంది. చేయనివారు ఇక్కడే ఆగి, ఆ పని ముగించుకుని వచ్చి ఈ పాఠం చదవాలని నా మనవి.

ఈ పాఠం పొడవునా ఒకే కథను పట్టుకుని నడుద్దాం. మొదటిసారి థ్రిల్లరు రాసే విద్యార్థుల కాగితాల్లో నాకు తరచుగా కనబడేది చీకటి తోటలో పరిగెత్తే అమ్మాయి, వెనుక ముసుగు మనిషి, మెరిసే కత్తి. పరిగెత్తే ఆ అమ్మాయి ఎవరో తెలియనప్పుడు ఆమె కోసం మనం ఎందుకు భయపడాలి? అందుకే నేను కత్తి లేని, పరుగు లేని, మీ ఊళ్లోనే దొరికే చోటును ఎంచుకున్నాను: బస్టాండు పక్క సందులో ఒక జిరాక్సు దుకాణం.

కథ ఇది. రాత్రి తొమ్మిదిన్నర. దుకాణంలో పనిచేసే కుర్రవాడు షట్టరు సగం దించి లెక్క చూసుకుంటుండగా చెల్లెలు వీడియో కాల్ చేస్తుంది. "అన్నయ్యా, ఎన్నింటికి వస్తావు? అన్నం చల్లారిపోతోంది." "పది నిమిషాలు, నువ్వు తినెయ్." షట్టరు కిందనుంచి వంగి ఒక మనిషి లోపలికి వస్తాడు, హెల్మెట్ తీయడు. "ఇరవై కాపీలు తియ్యి బాబూ" అంటూ కాగితాన్ని తానే అద్దం మీద బోర్లా పెడతాడు. కాపీలు వస్తాయి, అతను డబ్బిచ్చి వెళ్లిపోతాడు. ఒక కాపీ మాత్రం నేలకు జారి ఉంటుంది. దాని మీద "కనబడుటలేదు" అన్న పెద్ద అక్షరాలు, కింద ఆ చెల్లెలి ఫొటో, ఆమె ఇంటినుంచి వెళ్లిన తేదీ. గోడకున్న రోజువారీ క్యాలెండరు 14 చూపిస్తుంటే ఆ తేదీ 15. కుర్రవాడు ఫోన్ చేస్తాడు, అవతల ఎవరూ ఎత్తరు. అక్కడ సినిమా పేరు పడుతుంది.

ఈ కథకు ప్రాణం ఎక్కడుందో చూడండి. ఉత్కంఠకూ ఉలికిపాటుకూ తేడా చెప్పడానికి థ్రిల్లర్లకు పేరుపొందిన దర్శకుడు హిచ్‌కాక్ బల్ల కింది బాంబు ఉదాహరణ ఇచ్చేవారు. బాంబు ఉన్న సంగతి ప్రేక్షకుడికి తెలియకపోతే పేలినప్పుడు పదిహేను సెకన్ల ఉలికిపాటు మిగులుతుంది. ముందే తెలిసి, బల్ల చుట్టూ కూర్చున్నవారికి తెలియకపోతే, వారు మాట్లాడుకునే ప్రతి సాధారణమైన మాటా భరించరానిదవుతుంది. మన కథలో బాంబు ఆ కాగితమే. కాబట్టి దాన్ని ఎవరికి ముందు చూపాలి అన్నది మీరు తీసుకోవలసిన అతి ముఖ్యమైన నిర్ణయం. కుర్రవాడితో పాటే ప్రేక్షకుడూ చూస్తే ఉలికిపాటు చివరి పది సెకన్లలో వచ్చి పోతుంది. కాపీ నేలకు జారిన క్షణంలోనే ప్రేక్షకుడికి చూపించి, ఆ తర్వాత కుర్రవాడు నింపాదిగా చిల్లర లెక్కపెట్టడం, ఆ మనిషితో వర్షం గురించి ఒక మాట అనడం, పైగా కిందికి చూడకుండానే ఆ కాగితం మీద కాలు వేయడం తీస్తే, దాదాపు నలభై సెకన్లపాటు ప్రేక్షకుడు "కిందికి చూడు" అని లోలోపల అరుస్తూ ఉంటాడు. నేను రెండవ దారినే ఎన్నుకుంటాను. అయితే తేదీని మాత్రం అప్పుడు చూపను, అది కుర్రవాడు కాగితం తీసి చదివేదాకా దాచి ఉంచుతాను. ఇలా ఒకటి చెప్పి ఒకటి దాచడం వల్ల కుర్రవాడికంటే ముందున్న ప్రేక్షకుడు కూడా చివర్లో ఒక మెట్టు తడబడతాడు.

ఈ ఏర్పాటు నిలబడాలంటే రెండు విషయాలు ముందే నాటుకోవాలి. చెల్లెలి ముఖం వీడియో కాల్‌లో కనీసం మూడు నాలుగు సెకన్లు స్పష్టంగా కనబడాలి, లేకపోతే కాగితం మీది ఫొటో ఎవరిదో ఎవరికీ తెలియదు. క్యాలెండరు కూడా ముందే కనబడాలి, కానీ దానికోసమే ఒక క్లోజప్ వేస్తే ప్రేక్షకుడు వెంటనే పసిగడతాడు. కుర్రవాడు ఫోన్‌ను క్యాలెండరు కింది అరమీద ఆనించి మాట్లాడితే, ముఖాన్ని చూస్తూనే కన్ను ఆ అంకెను కూడా చూసి పక్కన పెట్టుకుంటుంది.

దాచడం ఎంత బలమైనదో తెలుసుకోవాలనుకునేవారు జర్మన్ దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ పిల్లల హంతకుడి గురించి 1931లో తీసిన 'ఎమ్' ప్రారంభాన్ని చూడాలి. బడినుంచి రావలసిన చిన్నపిల్ల కోసం బెర్లిన్‌లో ఒక తల్లి ఎదురుచూస్తుంటుంది. ఆమె పిల్ల పేరు పెట్టి పిలుస్తుంటే మనకు కనబడేవి ఖాళీ మెట్లు, బట్టలు ఆరవేసిన అటక, భోజనపు బల్ల మీద ముట్టని పళ్లెం. తర్వాత పొదల్లోంచి బంతి ఒకటి దొర్లి ఆగుతుంది, బెలూన్ తీగల్లో చిక్కుకుని ఎగిరిపోతుంది. హత్య తెర మీద ఎక్కడా జరగదు. అది లాంగ్ తీసిన తొలి శబ్ద చిత్రం. అయినా శబ్దాన్ని ఎంత పొదుపుగా వాడారో, హంతకుడి ఉనికిని ఒక ఈల పాటతో ఎలా చెప్పారో గమనించండి. మన జిరాక్సు దుకాణంలోనూ హెల్మెట్ మనిషి ముఖం చూపవలసిన పని లేదు.

ఇక షాట్ల విభజనకు వద్దాం. రెండు నిమిషాలంటే 120 సెకన్లు. సగటున ఒక్కో షాట్ నాలుగైదు సెకన్లు అనుకుంటే మనకు పాతిక నుంచి ముప్పై షాట్లు కావాలి. అయితే సగటు సగటే. మొదటి షాట్, అంటే వీధినుంచి సగం దించిన షట్టరు, దాని కిందనుంచి రోడ్డు మీద పడుతున్న తెల్లని వెలుగు, పది సెకన్లు నిలవవచ్చు. కాపీలు ఒకదాని వెనుక ఒకటి వస్తున్నప్పటి షాట్లు సెకనున్నరకు మించకూడదు. మాట్లాడే చోట సజెషన్ షాట్లు, అంటే ఒకరి భుజం మీదుగా ఎదుటివారి ముఖాన్ని చూపే షాట్లు తీసేటప్పుడు కెమెరా ఎప్పుడూ ఇద్దరి మధ్య గీసిన ఊహారేఖకు ఒకే పక్కన ఉండాలి. జిరాక్సు యంత్రమే వారిద్దరి మధ్య ఉంది కాబట్టి, కెమెరాను షట్టరుకు కుడివైపునే ఉంచుతానని నిర్ణయించుకుని స్టోరీబోర్డు (ప్రతి షాట్‌నూ బొమ్మగా గీసుకున్న కాగితాలు) మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి. రాత్రి పదకొండు గంటలకు అందరూ అలసిపోయాక ఆ ఒక్క వాక్యం మిమ్మల్ని కాపాడుతుంది.

ఈ దుకాణాన్ని ఎంచుకోవడానికి అసలు కారణం వెలుగు. యంత్రం మూత పూర్తిగా పడకుండా ఉంటే, అద్దం కింద కదిలే వెలుగు పట్టీ కుర్రవాడి గడ్డం నుంచి నుదుటివరకూ పాకి పోతుంది. లక్ష రూపాయల లైట్లు తెచ్చినా అంత అందమైన, అంత భయం పుట్టించే వెలుగు రాదు. అయితే ఇప్పటి డిజిటల్ యంత్రాలు ఇరవై కాపీలకైనా అసలు కాగితాన్ని ఒక్కసారే చదువుతాయి. కాబట్టి ఆ వెలుగు ఒక్కసారే వస్తుంది, ప్రతి టేకుకూ మళ్లీ బటన్ నొక్కాలి. చాలా యంత్రాల్లో కాపీలు బోర్లా పడతాయన్న సంగతి కూడా మనకు కలిసివచ్చింది. కుర్రవాడు అవేమిటో చూడకపోవడం అసహజంగా అనిపించదు.

మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌ది కావడం వల్ల ట్యూబులైట్లు, నాసిరకం ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు నూరుసార్లు మినుకుతాయి. మన కంటికి ఆ మినుకు తెలియదు, ఫోన్ కెమెరా మాత్రం దాన్ని పట్టేస్తుంది. సాధారణంగా ఫోన్లు సెకనుకు 30 ఫ్రేములు తీస్తూ కెమెరా షట్టరు వేగాన్ని, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుగును లోపలికి రానిచ్చే సమయాన్ని, తమంతట తామే మార్చుకుంటాయి, దానివల్ల తెర మీద నల్లని చారలు కదులుతుంటాయి. ఫోన్‌లోని ప్రో పద్ధతిలోకి వెళ్లి వీలుంటే 25 ఫ్రేములు, షట్టరు వేగం 1/50 పెట్టుకోండి. 25 దొరకని ఫోన్లలో 30 ఫ్రేములే ఉంచి, షట్టరును మాత్రం 1/50 లేదా 1/100 దగ్గర బిగించండి. ఫోకసు, ఎక్స్‌పోజరు (లోపలికి వచ్చే వెలుగు మోతాదు), వైట్ బ్యాలెన్సు (రంగుల సర్దుబాటు) మూడింటినీ లాక్ చేయకపోతే యంత్రం వెలుగు పాకిన ప్రతిసారీ ఫోన్ కంగారుపడి దృశ్యాన్ని చీకటి చేస్తుంది, మనం ఎంతో ఆశపడ్డ షాట్ అక్కడే పాడవుతుంది. వీధి షాట్‌ను నడిరాత్రి తీయకండి. సూర్యాస్తమయం తర్వాత ఆకాశం ముదురు నీలంగా ఉండే ఇరవై, పాతిక నిమిషాల్లో ఎక్స్‌పోజరు కాస్త తగ్గించి తీస్తే అది రాత్రిలాగే కనబడుతుంది, గోడలూ తీగలూ కూడా చీకట్లో కలిసిపోవు. ఆ వేళకు నటులు, కెమెరా, దుకాణం షట్టరు అన్నీ సిద్ధంగా ఉండాలి. ఆకాశం రెండవ టేకు కోసం ఆగదు.

శబ్దం విషయంలో విద్యార్థులు చేసే నిర్లక్ష్యం నన్ను నిజంగా బాధపెడుతుంది. చక్కగా తీసిన దృశ్యాలు పంకా రొద వల్ల చూడలేనివిగా మారడం ఎన్నోసార్లు చూశాను. మాటలు చెప్పేటప్పుడు పంకా ఆపాలి, షాట్‌లో అది కనబడకుండా చూసుకోవాలి. రెండవ ఫోన్‌ను రికార్డరుగా నటుడికి దగ్గరలో కాగితాల కట్ట వెనుక దాచి, ప్రతి టేకు మొదట్లో కెమెరా ముందు చప్పట్లు కొట్టండి. ఎడిటింగ్‌లో బొమ్మనూ మాటనూ కలపడానికి ఆ చప్పుడే ఆధారం. పని ముగిశాక అందరినీ ముప్పై సెకన్లు కదలకుండా నిలబెట్టి ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. ఖాళీ గదికి కూడా తనదైన శబ్దం ఉంటుంది, అతుకుల మధ్య దాన్ని పరిస్తేనే మాటలు తెగినట్టు వినిపించవు. యంత్రం లోపలి గరగర, కాగితం జారే చప్పుడు, షట్టరు కిర్రుమనడం, వీటిని విడివిడిగా, చాలా దగ్గరనుంచి పట్టుకోండి. ఈ కథకు ఆర్ఆర్ (నేపథ్య సంగీతం) దాదాపు అక్కరలేదని నా అభిప్రాయం. చివర్లో ఎత్తని ఫోన్ రింగు ఒక్కటే చాలు.

షూటింగు రోజు లెక్క ఇలా వేసుకోవచ్చు. ఇరవై ఆరు షాట్లున్నా కెమెరా నిలబెట్టే చోట్లు తొమ్మిదికి మించకుండా సర్దుకోవచ్చు. ఒక్కో చోటుకు అరగంట చొప్పున నాలుగున్నర గంటలు, భోజనానికి మరో అరగంట. కథ వరుసలో తీయకుండా, ఒక చోటునుంచి తీయవలసినవన్నీ ఒకేసారి తీసేయాలి. అప్పుడు క్యాలెండరు, ట్రేలోని కాపీల ఎత్తు, కుర్రవాడి చొక్కా చేతుల మడత ప్రతి షాట్‌కూ సరిపోతున్నాయో లేదో చూడటమే పనిగా ఒకరు ఉండాలి. ప్రతి టేకు చివర ఫోన్‌తో ఒక ఫొటో తీసి ఉంచుకుంటే వారి పని సులువవుతుంది.

దుకాణం యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ముఖం కనబడని మనిషి రాత్రివేళ షట్టరు కిందనుంచి దూరడం చూసి ఇరుగుపొరుగు కంగారుపడవచ్చు, కాబట్టి వారికీ, దగ్గరి పోలీస్ స్టేషన్‌కూ ముందుగా చెప్పండి. అన్నిటికంటే జాగ్రత్తగా ఉండవలసింది ఆ "కనబడుటలేదు" కాగితంతో. ఫొటో ఇచ్చిన అమ్మాయి అంగీకారం, ఆమె మైనరైతే తల్లిదండ్రుల అంగీకారం తప్పనిసరి. కాగితం మీద నిజమైన ఫోన్ నంబరు ఉండకూడదు, ఒక్క కాపీ కూడా దుకాణం బయటికి పోకూడదు. షూటింగు ముగిశాక ఇరవై కాపీలనూ, అదనంగా తీసినవాటినీ లెక్కపెట్టి చించివేయండి. అలాంటి కాగితం ఎవరి ఫోన్‌లోకైనా చేరితే ఒక కుటుంబం ఆ రాత్రంతా నిద్రపోదు.

టైటిళ్ల గురించి క్లుప్తంగా చెబుతాను. పేర్లు ముఖాల మీద పడకూడదు, మాట్లాడేటప్పుడు పడకూడదు. ఒక పేరును నెమ్మదిగా రెండుసార్లు చదవగలిగినంతసేపు అది తెర మీద ఉండాలి. మన కథలో కాపీలు వచ్చే షాట్లూ, ఖాళీ వీధి షాటూ పేర్లకు తగిన చోట్లు.

వచ్చే పాఠంలో ఎడిటింగ్ మొదలుపెడతాం. అప్పటికి మీరు మీ స్టోరీబోర్డులోని ప్రతి బొమ్మనూ అసలు చోటులోనే ఫోన్‌తో ఫొటోగా తీసి, అనుకున్నన్ని సెకన్ల చొప్పున వరుసగా పేర్చి, కింద శబ్దాలు మాత్రమే వేసి ఒక నమూనా తయారు చేసుకోవాలి. దాన్ని కథ తెలియని ఒకరికి చూపించి, నిమిషంన్నర దగ్గర ఆపి, ఇప్పుడు ఎవరికోసం భయపడుతున్నారని అడగండి. వారు చెప్పిన జవాబును మీ మాటల్లోకి మార్చకుండా, వారి మాటల్లోనే ఒక కాగితం మీద రాసి తేదీ వేసి దాచుకోండి. నాలుగో పాఠం ఆ కాగితంతోనే మొదలవుతుంది.