వృద్ధాశ్రమంలో వేణువు: నా అనుభవం

తిరుపతిలోని ఒక వృద్ధాశ్రమంలో ఆదివారాలు ఉచితంగా వేణువు వాయిస్తుంటాను. మొదట్లో శ్రోతలు కాసేపటికే కునికిపాట్లు పడేవారు. స్పీకరు పెట్టినా, వేళ మార్చినా, సినిమా పాటలు వాయించినా ఫలితం లేకపోయింది.

వయసుతో ముందుగా తగ్గేది హెచ్చు స్వరాల వినికిడి అని తెలిశాక, హెచ్చు స్థాయిలో పలికే 5 శ్రుతి వేణువును పక్కన పెట్టి, వేళ్లు బాగా చాపవలసి వచ్చినా తగ్గు స్థాయిలో పలికే 2½ శ్రుతి పొడవాటి వేణువును తీసుకున్నాను. ఆపై స్పీకరు తీసేసి, ఫ్యాన్లు ఆపించి (మే నెలలో ఇది పది నిమిషాలకు మించి సాధ్యం కాదు), కుర్చీలను చేతికందేంత దగ్గరగా వేయించి, అందరికీ కంఠస్థమైన ఒక అన్నమయ్య సంకీర్తన పల్లవిని నెమ్మదిగా రెండుసార్లు వాయించి ఆగాను. ఆ నిశ్శబ్దంలో చివరి కుర్చీలోని అవ్వ పల్లవి అందుకున్నారు; చరణానికి మరో నలుగురు కలిశారు.

పనిచేసింది శ్రుతా, దగ్గరితనమా, ఆ విరామమా అన్నది నేను విడదీసి చూడలేదు. వినికిడి యంత్రం వాడే ఒక పెద్దాయన మాత్రం ఇప్పటికీ వరండాలోకి వెళ్లి పేపరు చదువుకుంటారు.