చవక మడత చాకును అంచనా వేయడం – మూడో పాఠం: లాక్, ఇరుసు

పోయినసారి ఉక్కు గురించి చెప్పుకున్నాం, అయస్కాంతం పరీక్ష అందరూ చేసి చూసే ఉంటారు. చవక చాకు బ్లేడుకి అయస్కాంతం అంటుకోకపోతే అది ఎంత కాల్చినా గట్టిపడని రకం స్టెయిన్‌లెస్ అయి ఉంటుంది, దాన్ని అక్కడే పక్కన పెట్టేయండి. అంటుకుంటే, బ్లేడు మడమ దగ్గర, అంటే పిడిలోకి వెళ్ళే వెనక చివర, ఏం రాసి ఉందో చూడమన్నాను: 8సీఆర్13ఎంఓవీ, 14సీ28ఎన్, డీ2, ఇలాంటిదేదైనా ఉంటే ఏ ఉక్కు వాడాడో చెప్పడానికి తయారీదారు వెనకాడలేదు. ఉత్త ‘స్టెయిన్‌లెస్’ అనో ‘సర్జికల్ స్టీల్’ అనో ఉంటే అతను మనకి ఏమీ చెప్పనట్టే. ఆ రాసింది నిజమో కాదో, కాల్చి చల్లార్చడం సరిగ్గా జరిగిందో లేదో సానరాయి మీద పెట్టాక గానీ తేలదు, అది నాలుగో పాఠం.

ఈరోజు లాక్, అంటే తెరిచిన బ్లేడు దానంతటది మడుచుకోకుండా పట్టి ఉంచే ఏర్పాటు. నిజానికి ఇదే ఒకటో పాఠం కావాల్సింది, కానీ మొదట్నుంచీ అందరూ ఉక్కు గురించే అడుగుతున్నారని అది ముందు చెప్పాను. చాకు చవకగా వచ్చిందంటే తయారీలో ఎక్కడో ఒకచోట కోత పెట్టారన్నమాట. ఆ కోత ఎక్కడ పడిందన్నదే మనం పట్టుకోవాల్సింది. పదును సరిగ్గా పెట్టకుండా పంపితే మనమే పెట్టుకుంటాం. పిడి అంచులు గరుకుగా ఉంటే గరుకు కాగితంతో రుద్దుకుంటాం, క్లిప్పు బాగాలేకపోతే ఊడదీసి పారేస్తాం. లాక్‌లో కోత పెడితే మాత్రం ఇంట్లో కూర్చుని చేయగలిగింది దాదాపు ఏమీ లేదు, పైగా ఆ లోపం బయటపడేది మన వేళ్ళ మీదే.

నా చూపుడు వేలు మీద ఒక గీత ఉంది. మందపాటి అట్టపెట్టె కోస్తుంటే మొన అట్టలో ఇరుక్కుంది, బయటికి లాగుతూ కొంచెం మెలితిప్పాను, అంతే, లాక్ జారి బ్లేడు వేలి మీద మడుచుకుంది. మూడు కుట్లు. గాయం మానాక ఆ చాకుని లైటు కింద పెట్టి చూస్తే బ్లేడు మడమ చివర, గోటి అంచంత మేర మాత్రమే నున్నగా మెరుస్తోంది. అంటే కొన్న రోజు నుంచీ ఆ లాక్ అంతవరకే పట్టుకుంటోంది! పెట్టెలోంచి తీసిన రోజే ఒక్క నిమిషం చూసి ఉంటే కనిపించేది.

ఇప్పుడు మీ చాకు తీసి బ్లేడు పూర్తిగా తెరవండి. చవక మడత చాకుల్లో ఎక్కువగా ఉండేది లైనర్ లాక్. పిడి లోపల రెండు వైపులా ఇనుప రేకులు ఉంటాయి, అందులో ఒకదాన్ని పొడుగ్గా చీల్చి కొంచెం లోపలికి వంచుతారు, బ్లేడు తెరుచుకోగానే ఆ చీలిన పట్టీ స్ప్రింగులా పక్కకి వచ్చి మడమ వెనక నిలబడుతుంది. ఈ పద్ధతిని ఇప్పటి రూపానికి తెచ్చింది మైకేల్ వాకర్ అనే అమెరికన్ చాకుల తయారీదారు, 1980ల మొదట్లో. తయారుచేయడం తేలికే, కాకపోతే పట్టీ చివరా, మడమ మీది ఏటవాలూ ఒకదానికొకటి సరిగ్గా కుదరాలి. ఆ కుదిర్చే పనికి టైం పడుతుంది, చవక చాకులో మొదట మిగుల్చుకునేది ఆ టైమే.

చాకుని వెల్లకిలా తిప్పి, వెన్ను (బ్లేడుకి పదును లేని వైపు) కిందికీ పిడి సందు పైకీ ఉండేలా పట్టుకుని లైటు వైపు చూడండి. మడమ మందంలో పట్టీ ఎంత మేర వెనక్కి వచ్చింది? కొత్త చాకులో పావు వంతు నుంచి సగం వరకు వస్తే బాగున్నట్టు. అంచున వేలాడుతున్నట్టు కొంచెమే వస్తే అది నా అట్టపెట్టె చాకు లాంటిదే. అలాగని పట్టీ మడమంతా దాటి అవతలి రేకుని తాకేస్తే అదీ మంచిది కాదు, ఎందుకంటే వాడేకొద్దీ అరిగి పట్టీ ఇంకా లోపలికి జరగాల్సి ఉంటుంది, జరగడానికి చోటే లేకపోతే కొన్నాళ్ళకి బ్లేడు ఊగడం మొదలవుతుంది. ఒక్కసారి చూసి వదిలేయకండి. పదిసార్లు మెల్లగా, పదిసార్లు కాస్త విసురుగా తెరిచి ప్రతిసారీ పట్టీ ఎక్కడ ఆగుతోందో గమనించండి. ఒక్కోసారి ఒక్కో చోట ఆగుతుంటే ఆ రెండు ముఖాలూ సరిగ్గా కుదరలేదన్నట్టే.

దీన్ని ఇంకా దగ్గరగా చూడాలంటే ఒక మార్కర్ పెన్ను చాలు. లాక్ తీసి బ్లేడు సగం మడిచి, పట్టీ వచ్చి ఆనే మడమ ముఖానికి నల్లగా రంగు పూయండి. ఆరాక ఓ ఇరవై సార్లు తెరిచి మూసి, మళ్ళీ సగం మడిచి చూడండి. ఆనిన చోట రంగు పోయి లోహం బయటపడుతుంది. వెడల్పుగా ఒక చారలా పోయిందా, సంతోషం. ఒక మూల చుక్కంత మాత్రమే పోయిందా, మొత్తం లాక్ బలమంతా ఆ చుక్క మీదే ఉంది, అది త్వరగా నలిగిపోతుంది. లాక్ తీసేటప్పుడు ‘టక్’ మని అతుక్కున్నట్టు వస్తుంటే ఆ ముఖం మీద మెత్తటి పెన్సిల్‌తో నాలుగు గీతలు గీయండి, గ్రాఫైట్ పట్టి చాలావరకు సర్దుకుంటుంది. అతుక్కోవడం చికాకే గానీ ప్రమాదం కాదు, ప్రమాదం జారడంలో ఉంది.

ఇక బరువు పరీక్ష. ఇక్కడ జాగ్రత్తగా చదవండి. బ్లేడు వెన్నుని బల్లకేసి కొట్టి లాక్ పరీక్షించేవాళ్ళున్నారు, నేను అది చేయను, మిమ్మల్నీ చేయొద్దంటాను. ఆ దెబ్బలకి మంచి లాక్ కూడా చెడుతుంది, పైగా మామూలు వాడకంలో లాక్ మీద పడేది దెబ్బ కాదు, నొక్కుడూ మెలికా. పిడిని రెండు పక్కల నుంచి మాత్రమే పట్టుకోండి, బ్లేడు మడుచుకుంటే వచ్చే దారిలో ఒక్క వేలూ ఉండకూడదు, ఇది ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. వెన్నుని ఒక చెక్క ముక్క మీద ఆనించి మెల్లమెల్లగా బలం పెంచుతూ నొక్కండి, నొక్కుతూనే అటూ ఇటూ కొంచెం మెలితిప్పండి. పట్టీ కొద్దిగానైనా బయటికి జరుగుతున్నట్టు కనిపిస్తే ఆపేయండి. ఆ చాకుని వెనక్కి పంపగలిగితే పంపేయండి, లేదంటే కాగితాలూ దారాలూ కోయడానికి తప్ప వాడకండి.

ఫ్రేమ్ లాక్ కూడా ఇదే పద్ధతి, రేకుకి బదులు పిడి గోడే పట్టీగా పనిచేస్తుంది. బ్యాక్ లాక్‌లో మీట వెన్ను వైపు ఉంటుంది, దాని గాడిలో దూదీ దుమ్మూ చేరితే పూర్తిగా దిగదు, కాబట్టి అగ్గిపుల్లతో శుభ్రం చేశాకే పరీక్షించండి. ఫ్రాన్స్‌లో 1890 నుంచి వస్తున్న ఒపినెల్ చాకు చూడండి, దానికి 1955లో చేర్చిన లాక్ మెడ దగ్గర తిరిగే ఒక ఉక్కు ఉంగరం మాత్రమే. అంత సాదా ఏర్పాటు మీద ఇన్నేళ్ళుగా జనం నమ్మకం పెట్టుకుని వాడుతున్నారంటే కారణం ఆ ఉంగరం సరిగ్గా కూర్చోవడమే. అసలు లాకే లేని, స్ప్రింగు బిగువుతో నిలబడే పాతకాలం చాకులూ ఉంటాయి, వాటిలో తెరిచేటప్పుడూ మూసేటప్పుడూ చివర్లో బ్లేడు తనంతట తాను ‘టప్’ మని పడాలి. నీరసంగా వాలితే స్ప్రింగులో పస లేనట్టే.

ఇరుసు సంగతి. బ్లేడు తెరిచి మొన దగ్గర పక్కల నుంచి పట్టుకుని కుడికీ ఎడమకీ ఊపండి, ఆ తర్వాత కిందికీ పైకీ. ఈ రెండు ఊగుళ్ళకీ కారణాలు వేరు, రెండూ ఒకటే అనుకుని చాలామంది మంచి చాకుల్ని పారేస్తున్నారు, పనికిరానివాటిని ఉంచుకుంటున్నారు. పక్కలకి ఊగితే ఇరుసు స్క్రూ వదులైంది అంతే, నక్షత్రం ఆకారపు గుంట ఉన్న స్క్రూ అయితే టీ6 లేదా టీ8 డ్రైవర్ సరిపోతుంది, చుట్టులో ఎనిమిదో వంతు తిప్పి చూసి, ఇంకా ఊగితే ఇంకాస్త. స్క్రూకి బదులు రివెట్ కొట్టి ఉంటే ఆ దారి లేదు. కిందికీ పైకీ ఊగితే మాత్రం స్క్రూని ఎంత బిగించినా పోదు, ఎందుకంటే అది లాక్ సరిగ్గా ఆనకపోవడం వల్ల వచ్చేది, మళ్ళీ పైన మార్కర్ దగ్గరికి వెళ్ళాలి.

చాకు దులపగానే బ్లేడు జారిపోయేంత నున్నగా తిరిగితే జనం ముచ్చటపడతారు. బేరింగులు వేస్తే ఏ చాకైనా అలాగే తిరుగుతుంది, పైగా వాటిలో ఇసుక చేరితే కరకరమంటుంది. ఫాస్ఫర్ కంచు వాషర్లు, ఆఖరికి నైలాన్ వాషర్లు ఉన్నా నిక్షేపంగా పనిచేస్తాయి. మూసినప్పుడు బ్లేడు రెండు రేకుల మధ్య కొంచెం పక్కకి ఉన్నా పట్టించుకోకండి, ఏదో ఒక రేకుకి రాసుకుంటుంటేనే లెక్క.

మూసిన చాకుని, బ్లేడు బయటికి వచ్చే వైపు నేలకేసి పట్టుకుని గట్టిగా రెండు మూడుసార్లు విదిలించి చూడండి. పట్టీ మీద ఒక చిన్న గుండు ఉంటుంది, మూసినప్పుడు అది బ్లేడులోని గుంటలో కూర్చుని దాన్ని ఆపుతుంది. విదిలిస్తే బ్లేడు బయటికి వచ్చేస్తే, ఆ చాకు మీ జేబులో కూడా తెరుచుకోగలదు. అలాంటిదాన్ని జేబులో పెట్టుకోకండి, పిల్లలున్న ఇంట్లో అయితే ఉంచనే ఉంచకండి.

వచ్చే పాఠం లోపు మార్కర్ పరీక్షని ఇంట్లో ఉన్న ప్రతి మడత చాకు మీదా, పాతవి కూడా వదలకుండా, చేసి రంగు ఎక్కడ పోయిందో కాగితం మీద బొమ్మ గీసి పెట్టుకోండి. నాలుగో పాఠానికి ఒక సానరాయీ, ఒక ఆకురాయీ, కొంచెం తాడూ దగ్గర పెట్టుకోవాలి.