ఒక్క తెలుగు పేజీతో వెబ్ డిజైన్ నేర్చుకోవడం ఎలా?

వెబ్ డిజైన్ నేర్చుకుందామనుకునేవాళ్లు చాలామంది ముందు కోర్సు వెతుకుతారు. అమీర్‌పేటలో చేరాలా, యూట్యూబ్ సరిపోతుందా అన్నది తేలేలోపే ఉత్సాహం చల్లారిపోతుంది. కోర్సు కంటే ముందు ఒక పని పెట్టుకోండి. మీ వీధి చివర కర్రీ పాయింట్‌కి ఒకే ఒక్క పేజీ, అదీ తెలుగులో చేసివ్వండి. షాపు పేరు, కూరలు, ధరలు, వేళలు, ఫోన్ నంబరు ఉంటే చాలు. అది పూర్తయ్యేసరికి వెబ్ డిజైన్‌లో పునాది లాంటి విషయాలన్నీ చేతికి అలవాటవుతాయి.

మామూలు ల్యాప్‌టాప్, క్రోమ్ లేదా ఫైర్‌ఫాక్స్, కోడ్ రాసుకోవడానికి ఉచితంగా దొరికే విజువల్ స్టూడియో కోడ్ ఉంటే మొదలుపెట్టొచ్చు. బీటెక్ అక్కర్లేదు. ట్యాగులు, అంటే పేజీలో ఏది ఏమిటో బ్రౌజర్‌కి చెప్పే చిన్న గుర్తులు, ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి, ఆ మాత్రం వస్తే చాలు.

1. ముందు షాపుకి వెళ్లండి

"అన్నా, ఫోన్ చేసి అందరూ ఏం అడుగుతారు?" అని అడగండి. ఇవాళ ఏం కూరలున్నాయి, ఎన్నింటిదాకా తెరిచి ఉంటుంది అనే సమాధానమే చాలావరకు వస్తుంది. అయితే ఆ రెండే పేజీలో పైన ఉండాలి. కాగితం మీద ఫోన్ ఆకారంలో నిలువు గడి గీసి, ఏది ఎక్కడ రావాలో పెన్సిల్‌తో వేసుకోండి. రంగుల సంగతి తర్వాత. డిజైన్‌లో సగం పని ఇక్కడే అయిపోతుంది.

2. హెచ్‌టీఎంఎల్‌తో విషయం పెట్టండి

1989లో సెర్న్ ప్రయోగశాలలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను ప్రతిపాదించింది శాస్త్రవేత్తలు సమాచారం పంచుకోవడానికి. వెబ్ పేజీలో విషయాన్ని ట్యాగులతో రాసే భాషే హెచ్‌టీఎంఎల్. అందుకే దాని పని ఇప్పటికీ అదే: ఇది శీర్షిక, ఇది పేరా, ఇది జాబితా అని బ్రౌజర్‌కి చెప్పడం. షాపు పేరుకి హెచ్1, వివరాలకి పి, కూరల జాబితాకి యూఎల్, ఎల్ఐ, ఫొటోకి ఐఎంజీ, లింకుకి 'ఏ' అనే ట్యాగు. మొదటి పేజీకి ఈ ట్యాగులు దాదాపు సరిపోతాయి. ఫోన్ నంబరుని టెల్ లింకుగా (ఫోన్ చేయడానికి వాడే లింకు) ఇవ్వండి, వేలితో నొక్కగానే డయల్ స్క్రీన్ వస్తుంది.

తెలుగు పేజీకి రెండు జాగ్రత్తలు. పేజీ గురించిన వివరాలు బ్రౌజర్‌కి చెప్పే మెటా ట్యాగు పైన పెట్టి, అందులో యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలూ పట్టే పద్ధతి) అని చెప్పండి, లేకపోతే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు రావచ్చు. హెచ్‌టీఎంఎల్ ట్యాగులో భాష తెలుగు అని కూడా రాయండి. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ దాన్ని బట్టే తెలుగు గొంతు ఎంచుకుంటుంది.

3. సీఎస్ఎస్‌తో రూపం ఇవ్వండి

రంగులు, సైజులు, ఖాళీలు ఎలా ఉండాలో చెప్పే భాష సీఎస్ఎస్. ఇక్కడ తొందరపడకండి. ముందు బాక్స్ మోడల్ అర్థం చేసుకోండి: పేజీలో ప్రతిదీ ఒక పెట్టె, లోపలి ఖాళీ ప్యాడింగ్, అంచు బోర్డర్, బయటి ఖాళీ మార్జిన్. కొత్తవాళ్లకి వచ్చే "ఇదెందుకు పక్కకి జరిగింది" అన్న సందేహాల్లో చాలావాటికి జవాబు ఇక్కడే దొరుకుతుంది.

ఆ తర్వాత అక్షరాలు. ఇంగ్లిష్ పేజీ కోసం రాసిన సీఎస్ఎస్‌ని అలాగే తెచ్చి పెడితే తెలుగు ఇరుక్కుపోతుంది. పై వరుసలో "ముద్దపప్పు", కింద "బీరకాయ కూర" రాసి, లైన్ హైట్ (ఒక్కో వరుసకిచ్చే ఎత్తు) 1.2 ఇచ్చి చూడండి. పైనున్న ఒత్తులు కిందికి దిగుతాయి, కిందనున్న దీర్ఘం పైకి లేస్తుంది, రెండూ దాదాపు తగులుకుంటాయి. అదే 1.7 ఇస్తే ఊపిరి ఆడుతుంది. సైజు కూడా 18 పిక్సెళ్లకి తగ్గకుండా చూడండి, ఒత్తులు చిన్నవైతే పెద్దవాళ్లు చదవలేరు.

గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. పేరాలకి మండలి హాయిగా ఉంటుంది. దానికి విడిగా బోల్డ్ రూపం లేదు, బోల్డ్ పెడితే బ్రౌజరే అక్షరాన్ని లావు చేసి మొద్దుగా చూపిస్తుంది. శీర్షికకి రామభద్ర వాడండి. ఒకే ఫాంట్‌లో సన్నం, లావు రెండూ కావాలంటే నోటో సాన్స్ తెలుగు ఉంది. మన అక్షరాన్ని అందంగా చూపించే తెలుగు పేజీలు ఇంకా చాలా రావాలి, అందుకే ఇంతగా చెబుతున్నాను.

రంగులు రెండు మూడు చాలు. తెల్లటి నేపథ్యం మీద లేత బూడిద అక్షరాలు వద్దు, ఎండలో ఫోన్ పట్టుకున్నవాళ్లకి ఏమీ కనిపించదు.

4. ఫోన్‌లో సరిచూడండి

పేజీని ఫోన్ తెర వెడల్పుకి తగ్గట్టు చూపించమని చెప్పే వ్యూపోర్ట్ మెటా ట్యాగు మర్చిపోతే ఫోన్ మీ పేజీని కంప్యూటర్ పేజీ అనుకుని మొత్తం కుదించేస్తుంది. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కితే వచ్చే టూల్స్‌లో ఫోన్ గుర్తు మీద క్లిక్ చేసి, వెడల్పు మారుస్తూ చూడండి. జాబితా పక్కపక్కన రెండు నిలువు వరుసలుగా కావాలంటే అప్పుడు సీఎస్ఎస్‌లో పెట్టెల్ని అమర్చే ఫ్లెక్స్‌బాక్స్ నేర్చుకోండి. ఫోన్‌తో తీసిన కూరల ఫొటోలు ఎంబీల్లో ఉంటాయి, సైజు తగ్గించకుండా పెట్టకండి.

5. నలుగురికీ కనిపించేలా పెట్టండి

కోడ్ ఫైళ్లు దాచుకునే సైటు గిట్‌హబ్‌లో ఖాతా తెరిచి ఫైళ్లు ఎక్కిస్తే, గిట్‌హబ్ పేజెస్ ద్వారా పైసా ఖర్చు లేకుండా లింకు వస్తుంది. వ్యాపారాలకి అక్కడ పరిమితులున్నాయి, సాధన కోసం పెట్టడానికైతే ఇది చాలు. షాపు నిజంగా వాడుకుంటామంటే డొమైన్ (సైటు చిరునామా), హోస్టింగ్ (ఫైళ్లు ఉంచే చోటు) కొనిపించండి.

దారిలో ఆగిపోతే మొజిల్లా వాళ్ల ఎండీఎన్ సైటులో వివరణలు చూడండి, వరుసగా పాఠాలు కావాలంటే ఫ్రీకోడ్‌క్యాంప్ ఉంది. రెండూ ఉచితమే. నొక్కితే పేజీలో మార్పు జరిగేలా చేసే జావాస్క్రిప్ట్ ఇప్పుడే వద్దు. "ఉన్న కూరలు మాత్రమే చూపించు" లాంటి బటన్ షాపువాళ్లు అడిగినప్పుడు మొదలుపెట్టండి, అవసరం పడి నేర్చుకున్నది మర్చిపోరు.

లింకు షాపు అన్న ఫోన్‌లో తెరిచి, ఆయన చేతికే ఇచ్చి, మీరు ఏమీ చెప్పకుండా పక్కన నిలబడండి. నంబరు కోసం ఎక్కడ వెతికారు, ఏ అక్షరం దగ్గర ఫోన్ కళ్లకి దగ్గరగా తెచ్చుకున్నారు, రాసుకోండి. రేపు కూర్చుని సరిచేయాల్సినవి అవే.