చవక ఆవిరి ఇంజనుకు చెక్కుడు పని

నా నమూనా రైళ్ల లేఅవుట్ మీద, అంటే చిన్న పట్టాలు పరిచిన ఏర్పాటు మీద, ఇప్పుడు పదకొండు ఆవిరి ఇంజన్లు తిరుగుతున్నాయి. ఒక్కటీ ఖరీదైనది కాదు. కొన్ని పిల్లల రైలు సెట్లలోంచి విడిగా వచ్చినవి, కొన్ని ఎవరో ఆడి వదిలేసినవి, రెండు మాత్రం చక్రాలు కదలని స్థితిలో చేతికందినవి. చవక నమూనాకు లోపమేమిటని అడిగితే చాలామంది వివరాలు లేకపోవడమే అంటారు. నేను ఒప్పుకోను. వివరాలు ఉంటాయి, కానీ అచ్చులో బాయిలర్‌తో పాటే పోసినవి కాబట్టి లావుగా ఉంటాయి, బాయిలర్‌కు అతుక్కుపోయి ఉంటాయి, పైగా మెరుస్తుంటాయి. అందుకే చవక నమూనాను అసలు ఇంజనులా మార్చే ఈ పనిలో ముప్పాతిక వంతు గీకడం, కోయడం, పలచన చేయడం. అతికించేది తక్కువ.

ముందు ఇంజను ఎంపిక. పైభాగం ఎంత వికారంగా ఉన్నా భయం లేదు, దాన్ని మార్చుకోవచ్చు. మార్చలేనిది చక్రాల మధ్య దూరం. అందుకే ఏ అసలు ఇంజనులా తయారు చేయాలనుకుంటున్నానో దాని కొలతల చిత్రం ముందు పెట్టుకుని, ఇరుసుల మధ్య దూరం, చక్రాల వ్యాసం, పట్టాల నుంచి బాయిలర్ మధ్య గీత వరకు ఎత్తు, ఈ మూడే చూస్తాను. అసలు ఇంజనులో ఇరుసుల మధ్య ఆరడుగులు, అంటే 1829 మిల్లీమీటర్లు ఉంటే, 1:76 నిష్పత్తిలో ఉండే ఓఓ నమూనాలో అది 24 మిల్లీమీటర్లు అవుతుంది, 1:87లో ఉండే హెచ్‌ఓ నమూనాలో 21. రెండింటికీ పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లే కావడంతో ఒకదాని అడుగుభాగం మీద ఇంకొకదాని శరీరం కూర్చోబెట్టాలని మనసు లాగుతుంది. కూర్చుంటుంది కూడా, కానీ పక్కన డ్రైవర్ బొమ్మను నిలబెట్టగానే గుట్టు బయటపడుతుంది.

వీలైతే ఒకే సంవత్సరంలో తీసిన రెండు మూడు ఫొటోలు దగ్గర పెట్టుకోండి. ఆవిరి ఇంజన్లు వర్క్‌షాపుకు వెళ్లినప్పుడల్లా ఏదో ఒకటి మార్చుకుని వచ్చేవి. ఒక ఫొటోలో ఉన్న చిమ్నీ పదేళ్ల తర్వాతి ఫొటోలో ఉండకపోవచ్చు.

ఇక రంగు, అందం మాట తలపెట్టకముందే బండి సరిగ్గా నడవాలి. శరీరం విప్పి పక్కన పెట్టి, పాత గ్రీజును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో తుడవండి. చక్రాల అంచుల మీద నల్లటి పొర పేరుకుని ఉంటుంది, అదీ తుడవాలి. ప్లాస్టిక్‌కు హాని చేయని నూనెను ప్రతి ఇరుసుకు సూది మొన మీద నిలిచేంత వేయండి. అంతకు మించితే అది చక్రాల మీదికి, అక్కడి నుంచి పట్టాల మీదికి పాకుతుంది. తర్వాత అరగంట ముందుకు, అరగంట వెనక్కు నడపండి. పట్టాల్లోని డీసీ కరెంటుతో నడిచే బండ్లకు గరిష్ఠంగా 12 వోల్టులు, కానీ మనకు కావాల్సిన పరీక్ష అట్టడుగు వేగంలో ఉంది. చక్రం ఒక చుట్టు తిరగడానికి ఎన్ని సెకన్లు పట్టినా ఆగకుండా తిరుగుతోందా అన్నదే చూడండి.

ఆగుతోందంటే చాలాసార్లు మోటారు తప్పు కాదు. చవక ఇంజన్లు అన్ని చక్రాల నుంచీ కరెంటు తీసుకోవు. కొన్నింటిలో పట్టు కోసం ఒక జత చక్రాలకు రబ్బరు తొడుగు వేస్తారు, ఆ చక్రాలు కరెంటుకు పనికిరావు. రాగిపూత బోర్డు ముక్కను అడుగున అతికించి, దానికి 0.3 మిల్లీమీటర్ల ఫాస్ఫర్ బ్రాంజ్ తీగను టంకం వేసి, తీగ కొస మిగతా చక్రాల వెనుకభాగాన్ని తాకీ తాకనట్టు వంచండి. గట్టిగా నొక్కితే అదే బ్రేకు అవుతుంది. వెనుక బొగ్గు, నీళ్లు మోసే టెండర్ ఉన్న బండి అయితే టెండర్ చక్రాల నుంచి కూడా కరెంటు తెచ్చుకోవచ్చు. నేను చేసిన మార్పులన్నింటిలో ఎక్కువ ఫలితమిచ్చింది ఇదే. బయటికి మాత్రం ఎవరికీ కనబడదు.

చక్రాల వెనుకవైపుల మధ్య దూరం సుమారు 14.5 మిల్లీమీటర్లు ఉండాలి. పట్టాలు చీలే పాయింట్ల దగ్గర బండి ఎగిరిపడుతుంటే ముందు అనుమానించాల్సింది ఈ కొలతనే. సరిచేయడానికి చక్రాలను ఇరుసు నుంచి పూర్తిగా లాగేయకండి. నా మొదటి ఇంజనుకు నేను సరిగ్గా ఆ పనే చేశాను. శుభ్రం చేద్దామని ఆరు చక్రాలూ ఊడబెరికి, కడిగి, ఆరబెట్టి, మళ్లీ బిగించాను. బండి అంగుళం కదిలి బిగుసుకుపోయింది. కుడి చక్రం మీద, చక్రాలను కలిపే కడ్డీ తగిలే క్రాంక్ మొల పైకి ఉన్నప్పుడు ఎడమది అడ్డంగా ఉండాలని, అంటే రెంటికీ 90 డిగ్రీల తేడా ఉండాలని, అది మూడు ఇరుసులకూ ఒకే తీరుగా ఉండాలని నాకప్పుడు తెలియదు. రెండు సిలిండర్ల అసలు ఇంజనులో ఈ ఏర్పాటుకు కారణం ఉంది. ఒక పిస్టన్ చివరి అంచుకు చేరి చక్రాన్ని తిప్పలేని క్షణంలో రెండోది మధ్యలో ఉండి తోస్తుంది. నమూనాలో ఆవిరి లేకపోయినా, మోటారు ఒక్క ఇరుసునే తిప్పి మిగతావాటిని కడ్డీలు లాగే బండ్లకు ఇదే లెక్క వర్తిస్తుంది. ఆ ఇంజను చక్రాలను కంటి అంచనాతో సరిచేయడానికి నాకు నాలుగు సాయంత్రాలు పట్టింది. ఇప్పటికీ కొంచెం కుంటుతుంది.

నడక కుదిరాక రూపం సంగతి. ఉదాహరణకు నా ఏడో ఇంజను తీసుకుంటాను. నాలుగు చక్రాల చిన్న బండి, బాయిలర్ మీద జీనులా కూర్చున్న నీళ్ల ట్యాంకు. ఆ ట్యాంకు తీసేసి, పక్క ట్యాంకులున్న కర్మాగారపు ఇంజనుగా మార్చాలని నా ఆలోచన. ట్యాంకు కోయకముందే లోపలికి తొంగిచూడటం మంచిదైంది. చవక బండిలో ఆ ట్యాంకు కింద బాయిలర్ ఉండదు, మోటారు ఉంటుంది. మోటారు వెడల్పు 15 మిల్లీమీటర్లు. బయటి వ్యాసం 18, లోపలి వ్యాసం 16 ఉన్న ప్లాస్టిక్ గొట్టం వెతికి, కింది భాగం నిలువునా కోసి మోటారు మీద తొడిగాను. అసలు కొలతలో అది 1.37 మీటర్ల బాయిలర్, అలాంటి చిన్న బండికి కాస్త లావే. కొత్త పక్క ట్యాంకులు ఆ లావునూ కప్పాయి, మోటారు అంచులనూ కప్పాయి.

ట్యాంకులను 0.5 మిల్లీమీటర్ల పాలిస్టైరీన్ రేకుతో చేశాను. రివెట్లు కావాలంటే రేకు వెనుక నుంచి మొద్దుబారిన సూదితో, స్కేలు ఆనించి, సమదూరంలో నొక్కాలి. ఇక్కడొక జాగ్రత్త. నలువైపులా మూసిన పెట్టెను ద్రావక జిగురుతో అతికిస్తే ఆవిర్లు లోపలే చిక్కుకుని, వారం రోజుల్లో పలచని గోడలు లోపలికి పీక్కుపోతాయి. కనిపించని అడుగువైపు ఒక రంధ్రం వదలండి, లోపల అడ్డపట్టీలు వేయండి.

చిమ్నీ మార్చేటప్పుడు దాని అడుగు బాయిలర్ గుండ్రదనానికి అతుక్కోకపోతే ఎంత మంచి చిమ్నీ అయినా సీసా మీద మూతలా కనబడుతుంది. బాయిలర్ చుట్టూ ఉప్పు కాగితం గరుకువైపు పైకి ఉండేలా చుట్టి, చిమ్నీ అడుగును దాని మీదే ముందుకూ వెనక్కూ రుద్దండి. బాయిలర్ వంపే చిమ్నీకి వస్తుంది. అతికించాక ఎదురుగా నిలబడి, ఒక కన్ను మూసి, గది తలుపు అంచుతో పోల్చి నిటారుగా ఉందో లేదో చూడండి. వెంట్రుకవాసి వంగినా బండి తాగి వచ్చినట్టుంటుంది.

ఇప్పుడు చేతికమ్మీలు. నాకు ఈ పని అన్నిటికంటే ఇష్టం, అందుకే కొంచెం ఎక్కువ చెబుతాను. అచ్చులో వచ్చిన కమ్మీ ఒక మిల్లీమీటరు మందం ఉంటుంది. ఓఓ లెక్కలో అది 76 మిల్లీమీటర్లు. అసలు ఇంజను మీద నడిచిన మనిషి ఆ కమ్మీని పిడికిట్లో పట్టుకునేవాడు, దూలాన్ని కౌగిలించుకునేవాడు కాదు. 0.4 మిల్లీమీటర్ల ఇత్తడి తీగ వేస్తే సుమారు 30 మిల్లీమీటర్లకు సమానమవుతుంది, కంటికి నిజమనిపిస్తుంది.

పాత కమ్మీని ఉలి ఆకారపు బ్లేడుతో ఒక్కసారే కోయబోకండి. పొరలు పొరలుగా, బాయిలర్ మీదికి కాకుండా దాని వెంబడి గీకండి. చివరి పొరకు బ్లేడును నిలువుగా పట్టుకుని అడ్డంగా లాగాలి. తర్వాత 400, 800, 1200 నంబరు ఉప్పు కాగితాలు వరుసగా, నీళ్లతో తడిపి. గీకకముందే, కమ్మీని పట్టి ఉంచే పాత బొడిపెలు ఎక్కడున్నాయో కాగితపు పట్టీ మీద గుర్తులు పెట్టుకోండి. నేను ఒకసారి మరచిపోయి, తర్వాత ఊహ మీద రంధ్రాలు వేశాను. కమ్మీ బాయిలర్ ముందు కొసనున్న స్మోక్‌బాక్స్ వైపు వెళ్లేకొద్దీ దిగజారింది. ఆ వైపు గోడకు పెట్టి నడుపుతున్నాను.

రంధ్రానికి ముందు సూదితో చుక్క పొడవాలి, లేకపోతే గుండ్రటి బాయిలర్ మీద డ్రిల్ బిట్ జారుతుంది. 0.5 మిల్లీమీటర్ల బిట్‌ను చేతితో తిప్పే డ్రిల్‌లోనే వాడండి. కరెంటు డ్రిల్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, బిట్‌ను విరగ్గొడుతుంది. ఇత్తడి బొడిపెలకు కాస్త పెద్ద రంధ్రం కావాలి. వాటిని ముందు తీగ మీదికి ఎక్కించి, తర్వాత అన్నిటినీ కలిపి రంధ్రాల్లోకి దింపండి. విడివిడిగా అతికించి తర్వాత తీగ దూర్చాలనుకుంటే ఒక్క బొడిపె మెడ తిప్పినా దారి మూసుకుపోతుంది. సూపర్‌గ్లూ లోపలివైపు నుంచి, సూది మొనతో ఒక్క చుక్క. పట్టకారులోంచి బొడిపె ఎగిరిపడితే వెతకడం మొదలుపెట్టకముందు కుర్చీ కదపకండి. నేను అనుభవంతో చెబుతున్నాను.

డ్రైవర్ నిలబడే క్యాబ్ గోడలు లావుగా ఉన్నాయని మొత్తం మార్చనక్కరలేదు. కంటికి కనిపించేది కిటికీ అంచు, తలుపు అంచు మాత్రమే. లోపలివైపు నుంచి ఆ అంచులను ఏటవాలుగా గీకితే బయటికి పలచని ఇనుప రేకులా కనబడతాయి. పది నిమిషాల పని. కిటికీ అద్దాలకు సూపర్‌గ్లూ వాడితే దాని ఆవిరి అద్దం మీద తెల్లగా పొగ పట్టిస్తుంది. ఆరితే పారదర్శకమయ్యే తెల్ల జిగురు (పీవీఏ) వాడండి.

కానీ అదే తెల్ల జిగురును సీసం దగ్గరికి రానివ్వకండి. బరువు కోసం నా రెండో ఇంజను బాయిలర్‌లో సీసం గుళ్లు పోసి పీవీఏ జిగురుతో బిగించాను. కొంత కాలానికి సీసం తెల్లబడి, ఉబ్బి, బాయిలర్ అతుకు దగ్గర నోరు తెరిచింది. ఎపాక్సీ వాడితే ఆ బాధ లేదు. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. బరువు ఎంతన్న దానికంటే ఎక్కడన్నది ముఖ్యం. ఇంజనును పెన్సిల్ మీద అడ్డంగా నిలిపితే, నడిచే చక్రాల నడిమధ్యన తూగాలి.

డిజిటల్ నియంత్రణ కోరుకునేవారికి ఒక్క హెచ్చరిక చాలు. చాలా చవక బండ్లలో మోటారు ఒక కొస లోహపు చట్రానికి తగులుతూ ఉంటుంది. పట్టాల ద్వారా వచ్చే ఆదేశాలను మోటారుకు అందించే చిన్న సర్క్యూట్, అంటే డీకోడర్, పెట్టే ముందు ఆ సంబంధం పూర్తిగా తెంచి, మల్టీమీటర్‌తో నిర్ధారించుకోండి. లేకపోతే డీకోడర్ మొదటి క్షణంలోనే కాలుతుంది. ఎరుపు, నలుపు తీగలు పట్టాల వైపు. నారింజ, బూడిద రంగువి మోటారుకు.

రంగు వేయడం పూర్తయి, మెరిసే నల్ల ఇంజనును మొదటిసారి పట్టాల మీద పెట్టినప్పుడు మా అమ్మాయి చూసి, "నాన్నా, ఇది ఇప్పుడే స్నానం చేసి వచ్చినట్టుంది" అంది. అప్పటి నుంచి నేను అచ్చమైన నలుపు వాడటం మానేశాను. ఇంత చిన్న వస్తువు మీద నలుపు నీడలను మింగేస్తుంది, గీకి అతికించిన కష్టమంతా అందులో మాయమవుతుంది. బాయిలర్‌కు ముదురు బూడిద కలిపిన నలుపు, స్మోక్‌బాక్స్‌కు ఇంకొంచెం లేత, పూర్తిగా మెరుపు లేని రంగు. పైన మ్యాట్ వార్నిష్.

మురికి వేసేటప్పుడు అది ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచించండి. మసి పైనుంచి రాలుతుంది, కాబట్టి క్యాబ్ కప్పు మీద, బాయిలర్ నెత్తిన ఉంటుంది. బ్రేకుల ఇనుప పొడి కిందినుంచి లేస్తుంది, అది గోధుమరంగు. సేఫ్టీ వాల్వు దగ్గర, నీళ్లు కారే చోట్ల సున్నపు చారలు తెల్లగా దిగుతాయి. కడ్డీల మీద తుప్పు వేయకండి, రోజూ నూనె తాగే భాగాలవి. వెండిలా మెరిసే కడ్డీలకు పలచని నల్లగోధుమ రంగు నీళ్లు పూసి, వెంటనే గుడ్డతో తుడిచేస్తే చాలు. చక్రాలకు రంగు వేసేటప్పుడు మోటారును నెమ్మదిగా తిరగనిచ్చి కుంచెను కదపకుండా పట్టుకుంటే అన్ని ఆకులకూ సమంగా అందుతుంది. పట్టాలను తాకే అంచును మాత్రం ఆ వెంటనే తుడిచేయాలి.

చివరికి డ్రైవర్. క్యాబ్‌లోకి మోటారు వెనుకభాగం చొచ్చుకొచ్చి ఉంటుంది, దాన్ని కప్పడానికి మనిషి బొమ్మను మించినది లేదు. కానీ నిలబెట్టడానికి చోటుండదు. అందుకని నా డ్రైవర్లందరికీ మోకాళ్ల దగ్గర కోత తప్పలేదు. నడుము వరకే కనిపిస్తారు కాబట్టి ఎవరూ గమనించరు, మా అమ్మాయి తప్ప. కోసిన కాళ్లన్నీ ఒక చిన్న డబ్బాలో ఉన్నాయి, పారేయబుద్ధి కాలేదు.